మగని చాటున: 'కవర్చర్' అనే మాట చరిత్ర

ఇంగ్లీషులో 'కవర్చర్' అనే మాట ఒకటుంది. ఇంగ్లీషు సాహిత్యం బాగా చదువుకున్నవాళ్ళలో కూడా చాలామందికి ఇది తగిలి ఉండదు. ఈనాటి నవలల్లో లేదు, పత్రికల్లో లేదు, మామూలు సంభాషణలో అసలే లేదు. న్యాయశాస్త్ర చరిత్ర చదివేవాళ్ళకీ, స్త్రీల చరిత్ర రాసేవాళ్ళకీ తప్ప దీనితో ఎవరికీ పనిపడదు. అయితే కొన్ని వందల ఏళ్ళపాటు ఇంగ్లండులోనూ, ఆ తర్వాత అమెరికాలోనూ పెళ్ళయిన స్త్రీల బతుకుల్ని శాసించింది ఈ ఒక్క మాటే. ఆమె కూలిడబ్బులు ఎవరివి, ఆమె కన్న పిల్లలు ఎవరికి చెందుతారు, ఆమె రాసిన పుస్తకం మీద హక్కు ఎవరిది, చివరికి ఆమె శరీరం మీద అధికారం ఎవరిది - ఇన్ని ప్రశ్నలకీ జవాబు ఆ మాటలోనే ఉండేది. ఇప్పుడా మాట పాతబడిపోయింది. అది నిలబెట్టిన వ్యవస్థ కూడా పాతబడిపోయిందా అన్నదే మనం వేసుకోవలసిన ప్రశ్న.

ముందు మాట సంగతి చూద్దాం. 'కవరు' మనకి కొత్త కాదు. పోస్టు కవరు, దిండు కవరు, పుస్తకం మీద వేసే కవరు అన్నీ మనవే అయిపోయాయి. పాత ఫ్రెంచిలో కప్పటం, కప్పు అనే అర్థాలిచ్చే మాటల నుంచి వచ్చింది కవర్చర్. 1066లో నార్మన్లు ఇంగ్లండుని జయించాక అక్కడి న్యాయస్థానాల్లో ఒక రకమైన ఫ్రెంచి భాష స్థిరపడింది. ఆ భాషలో పెళ్ళికాని స్త్రీ, భర్త పోయిన స్త్రీ 'ఫెమ్ సోల్', అంటే ఒంటరి స్త్రీ. పెళ్ళయిన స్త్రీ 'ఫెమ్ కవర్ట్', అంటే కప్పబడిన స్త్రీ. అలా కప్పబడి ఉన్న స్థితి పేరే కవర్చర్. పెళ్ళి నిలిచి ఉన్న కాలమంతటినీ 'కవర్చర్ కాలం' అని దస్తావేజుల్లో రాసేవారు. మొగుణ్ణి అదే భాషలో 'బేరన్' అన్నారు. అంటే ప్రభువు. ఇది ఉత్త మర్యాద కోసం వాడిన మాట కాదు. భార్య భర్తని చంపితే అది మామూలు హత్య కింద కాక, సేవకుడు యజమానిని చంపినట్టు, చిన్నపాటి రాజద్రోహం కింద లెక్కకొచ్చేది. దానికి స్త్రీలకి వేసే శిక్ష మంటల్లో కాల్చటం. ఆ శిక్ష 1790 వరకూ ఉంది. ఆ నేరం పేరు 1828 వరకూ చట్టంలో ఉంది. భర్త భార్యని చంపితే మాత్రం అది హత్యే.

కవర్చర్‌కి న్యాయశాస్త్రంతో సంబంధం లేని అర్థం కూడా ఉండేది. పొద, పొదరిల్లు, దాక్కునే చోటు అని. షేక్‌స్పియర్ 'మచ్ ఎడో ఎబౌట్ నథింగ్' నాటకంలో ఆ అర్థంలోనే వాడాడు. అక్కడ ఆ పొద చాటున దాక్కుని మాటలు వింటున్నది బియాట్రిస్. మొగుడే వద్దని నాటకం మొదట్నించీ వాదించే పాత్ర ఆమె. ఆమెని పెళ్ళికి ఒప్పించటానికి పన్నిన వల అది. ఆ కాలపు ప్రేక్షకులకి ఈ మాటకున్న రెండో అర్థం వినిపించకుండా ఉంటుందని నేననుకోను.

ఈ మాటకి తెలుగేమిటి? 'వివాహిత స్త్రీ న్యాయస్థితి' అంటే అర్థం అవుతుంది కానీ ప్రాణం పోతుంది. నాకు తోచినంతలో మనకి చక్కగా సరిపోయే మాట 'చాటు'. తల్లి చాటు బిడ్డ, మొగుడి చాటు పెళ్ళాం అంటాం. ఎండకి చెట్టు చాటుకి వెళ్తాం. కొత్తవాళ్ళొస్తే ఆడవాళ్ళు తలుపు చాటున నిలబడేవారు. మొదటి చాటులో నీడ ఉంది, రక్షణ ఉంది. రెండో చాటులో కనపడకుండా పోవటం ఉంది. కవర్చర్‌లో కూడా సరిగ్గా ఈ రెండూ కలిసే ఉన్నాయి. చట్టం మొదటిదాన్ని పైకి చెబుతూ రెండోదాన్ని అమలు చేసింది. ఈ మాట కథంతా ఇదే.

1632లో లండన్‌లో స్త్రీల హక్కుల గురించిన చట్టాలని ఒకచోట చేర్చి ఒక పుస్తకం అచ్చువేశారు. పెళ్ళిలో స్త్రీ ఏమవుతుందో చెప్పటానికి అందులో ఒక పోలిక వాడారు. చిన్న వాగు వచ్చి థేమ్స్ లాంటి పెద్ద నదిలో కలిస్తే ఆ వాగుకి ఇక పేరుండదు, దారి ఉండదు, ఏదీ దానిది కాదు. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలిశాక ఆ కిందనున్న నీళ్ళని మూసీ అని ఎవరూ అనరు కదా, అలాగన్నమాట. 1765లో విలియం బ్లాక్‌స్టోన్ ఇంగ్లీషు చట్టాల మీద తన పెద్ద వ్యాఖ్యానం మొదటి సంపుటంలో ఈ సంగతినే సిద్ధాంతంగా తీర్చిదిద్దాడు. పెళ్ళితో భార్యాభర్తలు చట్టం దృష్టిలో ఒకే వ్యక్తి అవుతారనీ, పెళ్ళి ఉన్నంతకాలం స్త్రీ న్యాయపరమైన ఉనికి ఆగిపోతుందనీ, లేదా భర్త ఉనికిలో కలిసిపోతుందనీ వివరించాడు. ఆ ఒకే వ్యక్తి ఎవరో వేరే చెప్పక్కర్లేదు. ఈ కట్టుబాట్లన్నీ ఆమె రక్షణ కోసమేనని, ఇంగ్లీషు చట్టానికి స్త్రీలంటే అంత అభిమానమని కూడా ఆయనే ముగింపుగా చెప్పాడు. ఆ పుస్తకం అమెరికాలోనూ, బ్రిటిష్ వలస రాజ్యాల్లోనూ వకీళ్ళ తరాలన్నిటికీ పాఠ్యగ్రంథం అయింది.

ఆచరణలో దీని అర్థం ఏమిటి? పెళ్ళినాటికి ఆమెకున్న డబ్బు, నగలు, పశువులు, సామాను భర్త సొంతమయ్యేవి. భూమి ఉంటే ఆమె ఒప్పుకోకుండా అమ్మకూడదు గానీ దాని అజమాయిషీ, దానిమీద వచ్చే కౌలు ఆయనవే. పెళ్ళయ్యాక సంపాదించిన ప్రతి పైసా ఆయనది. ఆమె ఒప్పందం రాసుకోలేదు, దావా వేయలేదు, ఆయన అనుమతి లేకుండా వీలునామా రాయలేదు. భర్త తన భార్యకి నేరుగా ఏదీ రాసివ్వటానికి కూడా లేదు. ఇద్దరూ ఒకే వ్యక్తి అయినప్పుడు తనకి తానే రాసిచ్చుకున్నట్టవుతుంది కదా! ఆయన ఎదురుగా ఆమె కొన్ని రకాల నేరాలు చేస్తే అవి ఆయన బలవంతంతోనే చేసిందని చట్టం ఊహించుకునేది. 'ఆలివర్ ట్విస్ట్'లో డికెన్స్ ఎగతాళి చేసింది ఈ ఊహనే. పెళ్ళాం మీద నేరం నెట్టబోయిన బంబుల్‌తో, ఆమె నువ్వు చెప్పినట్టే నడుచుకుంటుందని చట్టం నమ్ముతుంది కాబట్టి నీదే పెద్ద నేరం అంటారు. భార్య అదుపాజ్ఞల్లో నలిగిపోతున్న బంబుల్ అప్పుడు చట్టాన్ని తిట్టిపోస్తాడు. ఈ ఊహని ఇంగ్లండులో 1925లో గానీ తీసెయ్యలేదు.

చరిత్రకారులు ఈ చిత్రాన్ని కొంత సవరించారని కూడా చెప్పుకోవాలి. 1946లో అమెరికన్ చరిత్రకారిణి మేరీ బియర్డ్, చాన్సరీ కోర్టుల్లో స్త్రీల పేర ట్రస్టులు పెట్టి ఆస్తి విడిగా ఉంచే పద్ధతి ఉండేదనీ, బ్లాక్‌స్టోన్ చెప్పినదాన్నే మొత్తం నిజంగా తీసుకోకూడదనీ వాదించింది. 1993లో ఏమీ ఎరిక్సన్, పాత వీలునామాలూ కోర్టు కాగితాలూ తిరగేసి, మామూలు కుటుంబాల్లో కూడా స్త్రీలు తమ ఆస్తి కాపాడుకోవటానికి రకరకాల ఏర్పాట్లు చేసుకున్నారని చూపించింది. అమెరికాలో అబిగైల్ ఆడమ్స్ 1816లో, భర్త బతికి ఉండగానే, తనకి చట్టం ఇవ్వని హక్కుతో వీలునామా రాసి తన ఆస్తిని ఎక్కువగా స్త్రీలకే పంచింది. చట్టం ఎంత గట్టిగా కప్పినా స్త్రీలు అందులో చిరుగులు వెతుక్కున్నారు. ఇది గుర్తించటం అవసరమే. అయితే ఆ ఏర్పాట్లకి డబ్బు కావాలి, వకీలు కావాలి, పుట్టింటి అండ కావాలి. బట్టల మిల్లులో పనిచేసే స్త్రీకి శనివారం సాయంత్రం వచ్చిన కూలిని కాపాడే ట్రస్టు ఏదీ ఉండదు.

ఈ చట్టంతో తలపడ్డ వాళ్ళలో ముందు చెప్పుకోవలసిన మనిషి ఒక రచయిత్రి. కెరొలిన్ నార్టన్ 1808లో పుట్టింది. కవితలూ నవలలూ రాసి పేరు తెచ్చుకుంది, ఆ సంపాదనతో ఇల్లు నడిపింది. 1827లో పెళ్ళాడిన జార్జ్ నార్టన్ ఆమెని కొట్టేవాడు. 1836లో ఇద్దరూ విడిపోయారు. ముగ్గురు కొడుకుల్నీ ఆయన ఆమెకి కనపడకుండా దాచేశాడు. తండ్రికి ఆ హక్కు ఉంది, తల్లికి ఏ హక్కూ లేదు. అంతటితో ఆగలేదు. అప్పటి ప్రధానమంత్రి లార్డ్ మెల్‌బోర్న్‌కి తన భార్యతో సంబంధం ఉందని 10,000 పౌండ్లకి దావా వేశాడు. 'క్రిమినల్ కాన్వర్సేషన్' అనే దావా అది. పేరులో నేరం ఉన్నా నిజానికి అది నష్టపరిహారం దావా. తన సొత్తుని ఇంకొకడు పాడుచేశాడని ఒక మగవాడు ఇంకో మగవాడి మీద వేసేది. జ్యూరీ దాన్ని కొట్టేసింది. అయితే కెరొలిన్ ఆ కేసులో వాది కాదు, ప్రతివాది కాదు. ఆమె శీలం గురించి కోర్టులో రోజంతా మాట్లాడారు. ఆమె తరఫున మాట్లాడే వకీలుకి మాత్రం అందులో చోటు లేదు. 'కప్పబడిన స్త్రీ' అంటే ఏమిటో ఇంతకన్నా స్పష్టంగా చెప్పటం కష్టం.

కెరొలిన్ కరపత్రాలు రాసింది, పార్లమెంటు సభ్యుల్ని కదిలించింది. ఫలితంగా 1839లో పిల్లల సంరక్షణ చట్టం వచ్చింది. ఏడేళ్ళ లోపు పిల్లల్ని తన దగ్గర ఉంచమని తల్లి కోర్టుని అడగవచ్చు. తల్లికి ఇంగ్లండులో చట్టం ఇచ్చిన తొలి హక్కుల్లో ఇదొకటి. ఆమెకి మాత్రం అది అక్కరకి రాలేదు. పిల్లలు స్కాట్లండులో ఉన్నారు, ఆ చట్టం అక్కడికి వర్తించదు. 1842లో చిన్నకొడుకు గుర్రం మీద నుంచి పడి, ఆ దెబ్బతో చనిపోయాడు. ఆమె చేరేసరికే ప్రాణం పోయింది. 1853లో మళ్ళీ కోర్టు. నెలనెలా ఇస్తానని సంతకం పెట్టిన భరణం ఆయన ఆపేశాడు. భార్యాభర్తల మధ్య ఒప్పందం చెల్లదు కాబట్టి ఆ కాగితానికి విలువ లేదని తేలింది. పైగా ఆమె రచనల మీద వచ్చే ఆదాయం కూడా చట్టప్రకారం ఆయనదే. 1854లో, 1855లో ఆమె రాసిన రెండు కరపత్రాల్లో ఈ సంగతులన్నీ బయటపెట్టింది. ఒకటి స్త్రీలకి వర్తించే చట్టాల గురించి, రెండోది నేరుగా విక్టోరియా రాణికి రాసిన ఉత్తరం. స్త్రీ పురుషులు సమానమని తను అనటం లేదని ఆమె పదేపదే చెప్పుకుంది. అన్యాయం నుంచి కాపాడమని మాత్రమే అడిగింది. ఆమెని స్త్రీవాది అనటానికి ఇబ్బంది పడేవాళ్ళు ఇందుకే ఇబ్బంది పడతారు. చట్టం రక్షణ అనే మాట చెప్పింది కాబట్టి, ఆ మాటకే దాన్ని కట్టేసి నిలదీసిందని నాకనిపిస్తుంది.

రచన చేసే స్త్రీలకి ఇది ఎంత దగ్గర విషయమో ఎలిజబెత్ గాస్కెల్ ఉదంతం చెబుతుంది. 1850లో ఒక కథకి ఆమెకి 20 పౌండ్లు వచ్చాయి. ఆ డబ్బు తన భర్త నింపాదిగా జేబులో వేసుకుని బొత్తాం పెట్టుకున్నాడని ఆమె స్నేహితురాలికి ఉత్తరంలో రాసింది. ఆయన దుర్మార్గుడు కాదు, మంచి మతాచార్యుడు. ఆమె కూడా కోపంగా కాదు, నవ్వుతూనే రాసింది. మంచి భర్తలున్న ఇళ్ళల్లో కవర్చర్ ఇలా నవ్వులాటగా ఉండేది. అది నవ్వులాటగా ఉండాలా లేదా అన్నది ఆయన ఇష్టం మీదే ఆధారపడింది, అదే చిక్కు.

1854లో 27 ఏళ్ళ బార్బరా లీ స్మిత్, స్త్రీలకి సంబంధించిన చట్టాలన్నిటినీ మామూలు మాటల్లో ఒక చిన్న పుస్తకంగా రాసి తక్కువ ధరకి అమ్మింది. వకీళ్ళ భాషలో దాక్కున్న సంగతులు అప్పుడే చాలామంది స్త్రీలకి అర్థమయ్యాయి. 1856లో ఆమె బృందం పార్లమెంటుకి పంపిన అర్జీ మీద వేలమంది సంతకాలు చేశారు. వాళ్ళలో గాస్కెల్, ఎలిజబెత్ బారెట్ బ్రౌనింగ్, హారియెట్ మార్టినో ఉన్నారు. ఉద్యమం ముప్ఫై ఏళ్ళు నడిచింది. తర్వాతి కాలంలో ఓటుహక్కు ఉద్యమానికి నాయకురాలైన మిలిసెంట్ ఫాసెట్ తన జ్ఞాపకాల్లో ఒక సంగతి చెప్పింది. లండన్‌లో రైల్వేస్టేషన్ దగ్గర ఒక కుర్రాడు ఆమె పర్సు కొట్టేశాడు. కోర్టుకి వెళ్తే, ఫిర్యాదు కాగితంలో ఆ పర్సు ఆమె భర్త హెన్రీ ఫాసెట్ సొత్తు అని రాసి ఉంది. దొంగతనం నేరం తనమీదే మోపినట్టనిపించిందట ఆమెకి. 1870లో వచ్చిన చట్టం భార్య సొంత సంపాదనని ఆమెకి వదిలింది. 1882 చట్టం ఆస్తి విషయంలో పెళ్ళయిన స్త్రీని ఒంటరి స్త్రీతో సమానం చేసింది. 1891లో, భార్యని ఇంట్లో బంధించి ఉంచే హక్కు భర్తకి లేదని ఇంగ్లండు అప్పీలు కోర్టు తేల్చింది.

అట్లాంటిక్ అవతల 1848లో సెనెకా ఫాల్స్‌లో సమావేశమైన స్త్రీలు తమ ప్రకటనలో, పెళ్ళయిన స్త్రీ చట్టం దృష్టిలో చచ్చిపోయినట్టేనని తేల్చి చెప్పారు. 1855లో లూసీ స్టోన్, ఆమెని పెళ్ళాడిన హెన్రీ బ్లాక్‌వెల్, పెళ్ళి చేసుకుంటూనే భర్తకి చట్టం ఇచ్చే అధికారాలని తిరస్కరిస్తూ ఒక నిరసన పత్రం చదివారు. లూసీ తన ఇంటిపేరు మార్చుకోలేదు. 1879లో మాసచుసెట్స్‌లో స్త్రీలకి స్కూలు బోర్డు ఎన్నికల్లో ఓటు వచ్చినప్పుడు, భర్త ఇంటిపేరుతో నమోదు చేసుకుంటేనే ఓటు అన్నారు. ఆమె ఓటే వదులుకుంది.

మరి ఇది మన కథ ఎలా అవుతుంది? చట్టపరంగా చూస్తే కవర్చర్ హిందూ, ముస్లిం స్త్రీలకి ఎప్పుడూ వర్తించలేదు. స్త్రీధనం అనే భావన హిందూ ధర్మశాస్త్రాల్లో ఉంది. ముస్లిం స్త్రీకి పెళ్ళయినా తన ఆస్తి తనదే. బ్రిటిష్ ప్రభుత్వం 1874లో ఇక్కడ వివాహిత స్త్రీల ఆస్తి చట్టం చేసినప్పుడు హిందువుల్నీ ముస్లింల్నీ బౌద్ధుల్నీ సిక్కుల్నీ జైనుల్నీ అందులోంచి మినహాయించింది. ఆ చట్టంలో బీమాకి సంబంధించిన సెక్షనుని 1923లో అందరికీ వర్తింపజేశారు. అందుకే ఇవాళ్టికీ మగవాళ్ళు భార్యాపిల్లల పేర ఆ చట్టం కింద బీమా పాలసీ తీసుకుంటుంటారు. అంతమాత్రాన మన సంప్రదాయం స్త్రీలకి స్వేచ్ఛనిచ్చిందని మురిసిపోనక్కర్లేదు. 'భర్త' అంటే భరించేవాడు, 'భార్య' అంటే భరించబడేది. రెండు మాటలూ ఒకే ధాతువు నుంచి వచ్చాయి. తండ్రి, భర్త, కొడుకు వరసగా కాపాడాలని మనువు చెప్పిందీ బ్లాక్‌స్టోన్ చెప్పిందీ ఒకే రక్షణ గురించి. స్త్రీధనం శాస్త్రంలో ఉన్నా ఇంట్లో బీరువా తాళాలు ఎవరి దగ్గర ఉంటాయో మనందరికీ తెలుసు.

అసలు విషయం ఏమిటంటే, కవర్చర్ మన దగ్గరికి దాని సొంతపేరుతో రాలేదు. ముక్కలు ముక్కలుగా, వేర్వేరు సెక్షన్లుగా వచ్చింది. ఆ ముక్కల్లో మూడింటిని చూద్దాం.

మొదటిది వ్యభిచారం. కెరొలిన్ నార్టన్‌ని వీధికీడ్చిన ఆ 'క్రిమినల్ కాన్వర్సేషన్' దావాని ఇంగ్లండు 1857లో రద్దు చేసింది. విడాకుల కేసులో ప్రియుడి నుంచి నష్టపరిహారం కోరే హక్కుని మాత్రం 1970 దాకా ఉంచుకుంది. అటు 1857లో ఆ దావా పోయింది, ఇటు మూడేళ్ళకి, 1860లో, భారత శిక్షాస్మృతిలో 497వ సెక్షను వచ్చింది. మెకాలే 1837 ముసాయిదాలో ఈ నేరం లేదు, తర్వాతివాళ్ళు చేర్చారు. ఒకడి భార్యతో అతని సమ్మతి లేకుండా ఇంకొకడు సంబంధం పెట్టుకుంటే నేరం. సమ్మతి ఆమెది కాదు, భర్తది. భర్త ఒప్పుకుంటే నేరమే లేదు. ఫిర్యాదు చేసే హక్కు భర్తకి ఉంది, మొగుడు ఇంకొకరితో తిరిగితే భార్యకి లేదు. ఆమెకి శిక్ష లేదు కాబట్టి ఇది స్త్రీలకి అనుకూలమైన చట్టమని 1954లో, 1985లో, 1988లో సుప్రీంకోర్టు దీన్ని నిలబెట్టింది. చూశారా, మళ్ళీ రక్షణే! 2018 సెప్టెంబరు 27న జోసఫ్ షైన్ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా 497ని కొట్టేసింది. ఆ తీర్పులో కవర్చర్ అనే మాట పేరుపెట్టి వాడారు, దాని చరిత్ర చెప్పారు. 1985 తీర్పు రాసిన వై.వి. చంద్రచూడ్ కుమారుడు డి.వై. చంద్రచూడ్ కూడా ఆ ధర్మాసనంలో ఉన్నాడు. 1985లో దయలాగా కనపడ్డ మినహాయింపు, పేరు పెట్టి చూసేసరికి సొంతదారు హక్కుగా కనపడింది.

రెండోది దాంపత్య హక్కుల పునరుద్ధరణ. విడిగా ఉంటున్న భార్యని కాపురానికి రమ్మని కోర్టు ఆదేశించటం. ఇది ఇంగ్లండు చర్చి కోర్టుల నుంచి వచ్చింది. హిందూ ధర్మశాస్త్రంలో లేదు. చిన్నతనంలో జరిగిన పెళ్ళిని ఒప్పుకోక భర్త దగ్గరికి వెళ్ళనన్న రఖ్మాబాయిని 1887లో బొంబాయి హైకోర్టు, కాపురానికి వెళ్తావా, ఆరునెలలు జైలుకి వెళ్తావా అని అడిగింది. జైలుకే వెళ్తానంది ఆమె. ఇంగ్లండులో అయితే ఈ కారణానికి జైల్లో పెట్టటం 1884లోనే ఆపేశారు. 1888లో రాజీ కుదిరింది. రఖ్మాబాయి లండన్ వెళ్ళి డాక్టరయింది. స్వతంత్రం వచ్చాక 1955 హిందూ వివాహ చట్టంలో అదే పద్ధతి 9వ సెక్షనుగా కూర్చుంది. దాన్ని మొదట కొట్టేసింది మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు. 1983 జూలైలో సరిత కేసులో జస్టిస్ పి.ఎ. చౌదరి, ఇది మధ్యయుగాల ఇంగ్లండు నుంచి వచ్చిన పద్ధతి అనీ, ఎవరితో, ఎప్పుడు బిడ్డని కనాలో నిర్ణయించుకునే స్త్రీ హక్కుని ఇది రాజ్యం చేతికి ఇస్తుందనీ, అది ఆమె ఏకాంతానికీ గౌరవానికీ భంగమనీ రాశారు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో తేల్చటానికి ముప్ఫైనాలుగేళ్ళ ముందు మాట ఇది. ఆ ఏడాదే ఢిల్లీ హైకోర్టు దానికి విరుద్ధంగా తీర్పిచ్చింది. 1984లో సుప్రీంకోర్టు 9వ సెక్షనుని నిలబెట్టింది. ఇంగ్లండు 1970లోనే దీన్ని వదిలేసింది. మనం వదల్లేదు. భార్య కూడా వేయవచ్చు కదా అని వాదించేవాళ్ళున్నారు. వేయవచ్చు. కానీ ఆ డిక్రీ ఎవరి శరీరం మీద ఎలా అమలవుతుందన్నది జస్టిస్ చౌదరి వేసిన ప్రశ్న. ఆ ప్రశ్న ఇంకా అలాగే ఉంది.

మూడోది అన్నిటికన్నా బరువైనది. పదిహేడో శతాబ్దపు ఇంగ్లీషు న్యాయమూర్తి మాథ్యూ హేల్, పెళ్ళితో స్త్రీ తనని తాను భర్తకి ఇచ్చేసుకుంటుంది కాబట్టి అతను ఆమెని అత్యాచారం చేశాడనటానికి వీల్లేదని రాసిపెట్టాడు. అది ఆయన పోయాక 1736లో అచ్చయింది. ఆ ఒక్క వాక్యం భారత శిక్షాస్మృతి 375వ సెక్షనులో మినహాయింపు అయింది. ఇంగ్లండులో ప్రభువుల సభ 1991లో హేల్ మాటని తోసిపుచ్చింది. మన దగ్గర 2017లో సుప్రీంకోర్టు భార్య వయసుని 15 నుంచి 18కి పెంచింది, అంతవరకే. 2022 మేలో ఢిల్లీ హైకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు ఇవ్వటంతో విషయం సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 2024 జూలై 1న అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షనులో ఆ మినహాయింపు అలాగే ఉంది. 2024 అక్టోబరులో కేంద్రప్రభుత్వం కోర్టుకి చెప్పిన జవాబు కూడా, దీన్ని అత్యాచారం అంటే వివాహవ్యవస్థకి దెబ్బ అనే.

ఈ కొత్త సంహితలోనే ఇంకో సంగతి గమనించాలి. 497 పోయింది కానీ దాని పక్కింటి 498 పోలేదు. గృహహింస మీద మనం పోరాడి తెచ్చుకున్న 498ఎ గురించి కాదు నేను చెబుతున్నది. అంతకన్నా పాతదైన, 1860 నాటి 498. ఇంకొకడి భార్యని దురుద్దేశంతో లేవదీసుకుపోవటం, దాచటం నేరమనే సెక్షను అది. ఇప్పుడది 84వ సెక్షనుగా ఉంది. ఒకామె భర్తని లేవదీసుకుపోవటం నేరమని చెప్పే సెక్షను మాత్రం లేదు. లేవదీసుకుపోవటానికి అతనేమీ ఎవరి సొత్తూ కాదు.

పాతబడ్డ ఇంగ్లీషు మాటని ఇంతగా తవ్వటం ఎందుకు అనవచ్చు. వేర్వేరు చట్టాల్లో, వేర్వేరు నంబర్లతో ఉన్నప్పుడు ఇవి ఒకదానికొకటి సంబంధం లేని చిన్నచిన్న లోపాల్లా కనిపిస్తాయి. ఒక్కొక్కదానికీ ఒక్కో సమర్థన దొరుకుతుంది. ఒకటి స్త్రీకి శిక్ష తప్పిస్తోందంటారు, ఇంకొకటి కాపురాన్ని నిలబెడుతోందంటారు, మరొకటి కుటుంబం గుట్టు కాపాడుతోందంటారు. ఇవన్నీ ఒకే గుడ్డలోంచి చింపిన ముక్కలని చెప్పటానికి ఆ గుడ్డ పేరు తెలియాలి. బార్బరా లీ స్మిత్ మామూలు మాటల్లో పుస్తకం రాసింది ఇందుకే. మన తెలుగులో కూడా అలాంటి పుస్తకాలు రావాలి. సెక్షను నంబర్ల జాబితాలు చాలవు, వాటి పుట్టుక కూడా చెప్పాలి.

ఇక మీదట స్త్రీల రక్షణ కోసం అంటూ ఏ చట్టం వచ్చినా, ఏ తీర్పు వచ్చినా, మనం మూడు సంగతులు చూడాలి. అక్కడ సమ్మతి ఎవరిది? సంతకం ఎవరిది? ఫిర్యాదు చేసే హక్కు ఎవరిది? మూడింటిలోనూ ఆమె లేకపోతే, అది ఇచ్చేది నీడ కాదు, చాటు.